కొండదారికి అడ్డంగా మా బస్సు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఏదీ ఉండేది కాదు. ఇప్పుడు నలభైకి దగ్గర పడుతుంటే రోజుకొకటి చొప్పున తెలియనివి బయటపడుతున్నాయి గాని, ఇరవై మూడేళ్ళ వయసులో, డిగ్రీలో ఒక సబ్జెక్టు ఇంకా మిగిలి ఉండగానే, లోకమంతా నా జేబులోని ఫోనులో ఉందనీ, ఎవరేది అడిగినా బొటనవేలు నాలుగుసార్లు జరిపితే జవాబు దొరుకుతుందనీ గట్టి నమ్మకం. సిగ్నల్ లేని చోట ఏం చెయ్యాలన్న ఆలోచనే రాలేదు. (అలాంటి చోట్లు ఉంటాయని మా వైపు వాళ్ళకి తెలియదు. మా దగ్గర గోదావరి నడిమధ్యన, రేవు దాటించే పంటు మీద నిలబడ్డా ఫోను మోగుతుంది, అదీ అప్పిచ్చినవాడి దగ్గర్నుంచి కాదు, వరసైన పిన్ని దగ్గర్నుంచి, భోజనం చేశావా అని.)

మాది మురమళ్ళకి కూతవేటు దూరంలో ఒక పల్లె. మా సీమలో ఎత్తంటే ఏటిగట్టే. సైకిలు మీద గట్టెక్కితే ఆయాసం వచ్చిందని నలుగురికీ చెప్పుకునేవాళ్ళం. అంతకు మించిన ఎత్తు కొబ్బరిచెట్టు, అది ఎక్కడం నాకు రాదు. కొండనేదాన్ని అప్పటికి ఒక్కసారే, రైలు కిటికీలోంచి చూశాను, అది కూడా మబ్బనుకుని ఊరుకున్నాను. అలాంటి నన్ను పాతికమంది పెద్దవాళ్ళకి కొండ చూపించి తీసుకురమ్మని పంపించారు. పంపించింది మా చిన్నమావయ్య. అమలాపురంలో ఆయనకి చిన్న ట్రావెల్స్ ఆఫీసు, సొంతానికి ఒక మినీ బస్సు ఉండేవి. ఎప్పుడూ బస్సుతో వెళ్ళే గైడుకి కామెర్లు వచ్చి మంచం పట్టాడు. ప్రయాణం రెండు రోజుల్లోకి వచ్చేసింది.

"ఏరా, కొండల గురించి నీకేమైనా తెలుసా?" అని అడిగేరు మావయ్య, అద్దాల పైనుంచి చూస్తూ.

"ఆయ్, తెలుసండి," అన్నాను.

"ఆ గిరిజన గ్రామం గురించో? వాళ్ళ డాన్సులవీ వివరంగా చెప్పాలి. మనవాళ్ళు ఊరుకోరు, గుచ్చి గుచ్చి అడుగుతారు."

"దాని గురించైతే ఇంకా బాగా తెలుసండి."

మన్యంలో ఒక కొండ ఉంది. (పేరు చెప్పను. నేను ఇప్పుడు చెప్పబోయే మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు.) కొండ మీద లోయ కనిపించే చోటొకటి, దానికి కాస్త పైన గిరిజనుల పాతకాలపు పద్ధతిలో కట్టిన ఊరొకటి ఉన్నాయి. ఊరంటే నిజంగా ఎవరూ కాపురముండే ఊరు కాదు. ఎర్రమట్టి గోడలు, గడ్డి కప్పులు ఉన్న అయిదారు గుడిసెలు, తిరగళ్ళు, విల్లంబులు, ఫొటోలు దిగడానికి కట్టుకునే చీరలు, తలపాగాలు, మధ్యలో ఆటకి చదును చేసిన నేల. పక్కనున్న అసలు ఊరివాళ్ళు రోజూ వచ్చి అక్కడ డోలు కొట్టి, ఆడి, సాయంత్రం ఇంటికి పోతారు. ఈ మాత్రం కూడా నాకప్పుడు తెలియదు. వాళ్ళు తరతరాలుగా ఆ గుడిసెల్లోనే ఉంటారని బస్సు మైకులో చెప్పేశాను.

మార్గశిర మాసం. బంగాళాఖాతంలో ఏదో వాయుగుండం తిరుగుతోంది. ఆకాశం తడిసిన గోనెసంచిలా వేలాడుతోంది. బస్సులో అందరూ పింఛనుదారులు, తోటలున్నవాళ్ళు. అందులో ఇద్దర్ని మాత్రం చెప్పాలి. ఒకరు రాజోలు దగ్గర కొబ్బరితోట ఉన్న పెద్దాయన. బస్సు రావులపాలెం వంతెన దాటేలోపే అందరికీ పెదనాన్నగారైపోయారు. దేన్నయినా కొబ్బరితో కొలిస్తే గాని ఆయనకి తృప్తి ఉండదు. రెండోవారు కొత్తపేట వైపు బడిలో పనిచేసి రిటైరైన టీచరమ్మగారు. ఒళ్ళో చిన్న బైబిలు, పక్కన కాఫీ ఫ్లాస్కు. ఆవిడ భర్త మాస్టారు పోయి అప్పటికి ఏడాది కాలేదు. ఇంట్లో కూర్చుని కుమిలిపోతోందని తోబుట్టువులు బలవంతాన బస్సెక్కించారు. దారంతా కిటికీలోంచి చూశారు గాని ఏమీ చూసినట్టు లేరు. డ్రైవరుని అందరూ హారన్ బాబాయి అనేవారు. కారణం వేరే చెప్పక్కర్లేదు.

ఘాట్ రోడ్డు మొదలవగానే నా ఫోనులో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే రాలిపోయి చివరికి చిన్న ఇంటూ గుర్తు మిగిలింది. సరిగ్గా అప్పుడే పెదనాన్నగారు అడిగేరు.

"ఏరా అబ్బాయి, ఈ కొండ ఎత్తెంత ఉంటుంది?"

"ఎనభై కొబ్బరిచెట్లండి," అన్నాను తడుముకోకుండా.

"నాటు చెట్లా, పొట్టి రకమా?"

"నాటువేనండి."

ఆయన తల పంకించి ఆ ముక్క వెనక సీటువాళ్ళకి అందించేరు. బస్సు చివరిదాకా వెళ్ళేసరికి అది వందైంది. నాకు భలే ఉత్సాహం వచ్చింది. అక్కణ్ణుంచి ప్రతి చెట్టుకీ ఒక పేరు, ప్రతి మలుపుకీ ఒక కథ. లోయ చూసే చోటికి వెళ్ళేసరికి మంచు దిగిపోయింది. మూడడుగుల అవతల మనిషి కనపడటం లేదు. ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడి, "ఎదురుగా చూడండి, ఎంత అందమైన లోయో!" అన్నాను. అందరూ తెల్లటి శూన్యాన్ని మర్యాదగా చూశారు. ఒక్క నిమిషం గాలి వీచి మంచు చీలింది. నేను చూపించిన వైపున్నది మరుగుదొడ్ల గోడ. లోయ మా వెనకాల ఉంది. "రెండువైపులా ఉంటుందండి," అన్నాను. మా కోనసీమ వాళ్ళ మర్యాద ఎంత గొప్పదంటే, ఒక్కరూ నవ్వలేదు.

పైకి వెళ్ళేసరికి సన్నటి తుంపర పట్టుకుంది. గిరిజన గ్రామానికి ముందు దారి బాగా ఇరుకు. ఒక పక్క బండ, రెండో పక్క కిందికి జారిపోయే వాలు. బస్సు గేటు దాకా రానిస్తే పెద్దవాళ్ళు తడవకుండా దిగొచ్చని నా ఆలోచన.

"దారికడ్డం అవుద్దేమో బాబూ," అన్నాడు హారన్ బాబాయి. "ఇటు పైకేదో కాలిదారి పోతోంది."

"ఈ వానలో ఎవరొస్తారు బాబాయి? అడ్డంగానే పెట్టండి, పరవాలేదు."

పెట్టేశాడు. తాళంచెవి జేబులో వేసుకుని, కింద మలుపులో వెదురుబొంగులో కోడికూర కాలుస్తున్నారని వాసన పట్టి, అటు వెళ్ళిపోయాడు.

గేటు సగం తెరిచి ఉంది. కాపలా మనిషి లేడు. గేటు పక్క టీ బడ్డీ మూసి ఉంది. ఆటనేల మీద ఒక్క పురుగు లేదు. ఇప్పుడైతే ఏదో జరిగిందని పసిపిల్లాడికైనా తడుతుంది. నాకు తట్టలేదు. అంతలో కాలిదారి మీంచి ఒకామె వచ్చింది, నెత్తిన కుండ, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, దాదాపు పరుగెత్తుతూ. మమ్మల్ని చూసి ఆగి, వాళ్ళ భాషలో నాలుగు ముక్కలు చెప్పి, చెయ్యి అడ్డంగా ఊపి వెళ్ళిపోయింది.

"ఏమందిరా?" అన్నారు పెదనాన్నగారు.

"స్వాగతం చెప్పిందండి. వానవల్ల కాస్త ఆలస్యంగా వస్తారట, ఈలోగా గుడిసెలన్నీ చూసుకోమంది."

ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నట్టు నాకు కనిపించింది. పొయ్యి పొగ అనుకున్నాను. (కాదు. ఇన్నేళ్ళ తరవాత అబద్ధమెందుకు? అనుకోవాలని అనుకున్నాను.)

సరే, మావాళ్ళు లోపలికి నడిచేరు. కాసేపటికి వానలో బిగుసుకుపోయిన మనుషులు కొంచెం వదులయ్యారు. తిరగలి దగ్గర ఒకావిడ కూర్చుని ఉత్తినే తిప్పింది. నలుగురైదుగురు అక్కడ తీగకి వేలాడుతున్న చీరలు పైన చుట్టుకుని, ఒకరి నడుం ఒకరు పట్టుకుని వలయంగా నిలబడ్డారు. నేను "కుడికాలు ముందుకండి, ఇప్పుడు వంగాలండి" అంటూ నేర్పించడం మొదలుపెట్టాను. నేను నేర్పింది ఏ జాతి నాట్యమో నాకిప్పటికీ తెలియదు, మా ఇంటర్ కాలేజీ వార్షికోత్సవంలో చూసింది కావచ్చు. పెదనాన్నగారు దున్నపోతు కొమ్ములు కట్టిన పెద్ద తలపాగా పెట్టుకుని ఫొటోకి నిలబడ్డారు. టీచరమ్మగారొక్కరే ఒక గుడిసె చూరు కింద నిలబడి మట్టిగోడని వేళ్ళతో తడుముతున్నారు.

"ఎంత నున్నగా అలికేరో చూడు బాబూ," అన్నారు నాతో. "ఇది ఎవరి చేతిపనో?"

"ఇక్కడి ఆడవాళ్ళదండి," అన్నాను. అది కూడా తప్పే. ఆ గుడిసెలన్నీ కట్టింది, అలికింది, రోజూ వచ్చినవాళ్ళకి డోలు కొట్టింది ఒకే ముసలాయన. ఆ సంగతి ఇంకో అరగంటకి గాని తెలియలేదు.

అప్పుడు వినపడింది, పక్క ఊరి వైపునుంచి, కింద మంచులోంచి డోలు. ఒక దెబ్బ, ఆగడం, మళ్ళీ రెండు దెబ్బలు. దానితోపాటు సన్నగా ఏదో ఊదుతున్న చప్పుడు. నా ప్రాణం లేచొచ్చింది. గుడిసెలు చూపించి మాత్రమే తీసుకెళ్తే మావయ్య ఊరుకోరని లోపల్లోపల బెంగగానే ఉంది.

"వచ్చేస్తున్నారండీ! అందరూ ఇలా గేటు దగ్గరికి రండి. ఊరేగింపుగా వస్తున్నారు, మనకోసమే!"

పెదనాన్నగారు కొమ్ముల తలపాగాతోనే చెవి ఒగ్గి విన్నారు. ఆయన మొహం మారింది.

"ఏరా, ఇది చావు డప్పులా లేదూ?"

"మనకలా అనిపిస్తుందండి. వీళ్ళకి పెళ్ళికి కూడా ఇదే వరస. ఇది పెళ్ళి ఊరేగింపు నాట్యమండి. ముందు పెళ్ళికొడుకుని మోసుకొస్తారు."

ఆ ఆఖరి ముక్క ఎందుకన్నానో నాకు తెలియదు. మంచులో మసకగా, మనుషుల భుజాల మీద ఏదో ఎత్తుగా కనిపించి ఉంటుంది. నేను చప్పట్లు మొదలుపెట్టాను. పాతికమందీ అందుకున్నారు. వెనకనుంచి ఒకాయన ఈల వేసేరు. నలుగురు ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు. డోలు దగ్గరైంది. మంచులోంచి ముందు డోలు వాయించే మనిషి వచ్చాడు, తలకి గుడ్డ చుట్టుకుని, మా వైపు చూడకుండా. అతని వెనక నలుగురు మగవాళ్ళు, వాళ్ళ భుజాల మీద నులకమంచం, దాని మీద తెల్లటి దుప్పటి. దుప్పటి చివర రెండు పాదాలు, ముసలి పాదాలు, పగుళ్ళలో ఎర్రమట్టి ఇంకా అలాగే ఉంది.

చప్పట్లు ఒక్కసారిగా ఆగలేదు. ముందు వరసలో ఆగేయి, తరవాత మధ్యలో, తరవాత వెనక. అన్నిటికంటే చివర ఆగిన చేతులు నావి. నా చేతుల చప్పుడు నాకే వినిపించాక గాని నాకర్థం కాలేదు.

వాళ్ళు మమ్మల్నేమీ అనలేదు. ఏదైనా అంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. తిన్నగా వచ్చి మా బస్సు దగ్గర ఆగిపోయారు. వాళ్ళ శ్మశానం పైన ఉందట. దానికి ఉన్నది ఆ ఒక్క కాలిదారే. ఇటు బండ, అటు వాలు, మధ్యలో అడ్డంగా "శుభప్రయాణం" అని పసుపురంగులో రాసుకున్న మా బస్సు. మనిషి పక్కకి తిరిగి పోతే పోగలడు గాని, మంచం పోదు.

మంచం వెనక నడుస్తున్న ఒకామె ముందుకొచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. పోయిన ముసలాయన కూతురని ఆవిడ పక్కనున్నవాళ్ళు పట్టుకున్న తీరు చూస్తేనే తెలుస్తోంది.

"బండెవరిది?" అంది తెలుగులో.

పాతికమందీ నన్ను చూశారు. "మాదేనండి," అన్నాను. నా గొంతు మైకులో విన్నట్టు లేదు.

"తియ్యండి."

"ఆయ్. డ్రైవరు కిందికెళ్ళేడండి, ఒక్క క్షణం, ఇప్పుడే..."

వాన అప్పుడే పెద్దదైంది. మోసేవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని, వెనక్కి తిరిగి, గేటులోంచి లోపలికొచ్చి, మొదటి గుడిసె పంచలో మంచం దింపేరు. టీచరమ్మగారు చెయ్యి వేసి తడిమిన గుడిసె అదే. నేను పరిగెత్తాను. మా ఏటిగట్టు మీద పరిగెత్తడం వేరు, ఆ కొండవాలు వేరు. రెండుసార్లు జారి పడ్డాను. రెండోసారి పడినప్పుడు కొంతదూరం పడుకునే వెళ్ళాను. హారన్ బాబాయి పొయ్యి పక్క పీట మీద కూర్చుని, అడ్డాకులో కూర పెట్టుకుని, ఒక ముక్క నోట్లో పెట్టుకోబోతూ నన్ను చూశాడు. తల నుంచి కాళ్ళ దాకా ఎర్రమట్టితో ఉన్నాను.

"శవం వచ్చింది బాబాయి, బస్సు తియ్యాలి!"

ముక్క ఆకులోనే పడిపోయింది. "అయ్యబాబోయ్! మన బండిలో ఎవరండీ? రాజోలు పెద్దాయనేనా? పొద్దున్నే చూసి అనుకున్నాను, ఆ ఆయాసం..."

"మనవాళ్ళు కాదు బాబాయి. వాళ్ళవాళ్ళు."

"హమ్మయ్య," అన్నాడు బాబాయి. అనేసి, పొయ్యి దగ్గర కూర కాలుస్తున్న మనిషి వంక చూసి తల దించుకున్నాడు. ఆ మనిషి బొంగు తిప్పుతూ, "పోయింది మా డోలు తాత," అన్నాడు నెమ్మదిగా. "ఆ గుడిసెలు కట్టినాయన. నిన్న కూడా ఆడించాడు. పొద్దున లేవలేదు." అతను కూడా లేచి, నిప్పు మీద నీళ్ళు చల్లి మా వెంట వచ్చాడు.

మేం ఎక్కి వచ్చేసరికి నేను ఊహించని దృశ్యం. మావాళ్ళంతా వానలోనే నిలబడి ఉన్నారు. చూరుల కింద చోటంతా వాళ్ళకి వదిలేశారు. చీరలు చుట్టుకున్నవాళ్ళు వాటిని విప్పి మడతపెట్టి, తీగ మీద ఆరేసే ధైర్యం లేక చంకలో పట్టుకుని నిలబడ్డారు. పెదనాన్నగారి సంగతి మరీ దయనీయం. కొమ్ముల తలపాగా తాడు ఆయన గడ్డం కింద ముడి పడిపోయింది. ఎంత లాగినా రావడం లేదు. శవం ఎదుట కొమ్ములతో నిలబడలేక, గోడవైపు తిరిగి నిలబడ్డారు. చివరికి చనిపోయినాయన బంధువే ఒకతను వెళ్ళి ఆ ముడి విప్పి, తలపాగా తీసి జాగ్రత్తగా మేకుకి తగిలించాడు. టీచరమ్మగారు మంచం పక్కన నేల మీద కూర్చున్నారు. ఆ కూతురికీ ఆవిడకీ మధ్య ఫ్లాస్కు ఉంది. మూత గ్లాసులో పోసిన కాఫీ ఎవరూ తాగకుండానే చల్లారిపోతోంది.

"మా మాస్టారు కూడా ఇలాగే పొద్దున లేవలేదమ్మా," అంటున్నారు టీచరమ్మగారు.

ఆమె విన్నదో లేదో తెలియదు. తండ్రి కాళ్ళ మీద పడుతున్న చినుకుల్ని దుప్పటితో కప్పుతోంది.

బాబాయి బస్సెక్కి తాళం తిప్పాడు. బస్సు మోగింది గాని కదల్లేదు. వెనక చక్రాలు బురదలో గిర్రున తిరిగి, ఇంకా లోతుకి దిగిపోయాయి. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ అంతే. మావాళ్ళు తొయ్యడానికి వచ్చేరు. పింఛనుదారులు ఎంత తోస్తారు? రెండడుగులు ముందుకెళ్ళి మూడడుగులు వెనక్కి వచ్చింది బస్సు. అప్పుడు మంచం మోసుకొచ్చిన నలుగురూ లేచారు. డోలు మనిషి డోలు పక్కన పెట్టాడు. కూర కాల్చే మనిషి, కొందరు ఆడవాళ్ళు, అందరూ వచ్చి మా బస్సుకి భుజాలు ఆనించారు. మా కోసం కాదు, తమ మనిషిని తీసుకెళ్ళాలి గనక. నా పక్కన వచ్చి నిలబడింది ఆ కూతురే. ఆవిడకి చోటివ్వాలా, వద్దనాలా, క్షమించమనాలా తెలియక, ఒక చెయ్యి బస్సు మీదా ఒక చెయ్యి గాలిలోనూ పెట్టుకుని నిలబడ్డాను.

"గట్టిగా తొయ్యండి," అంది.

నాతో ఆవిడ ఆ రోజు అన్న చివరి మాట అదే. తోశాను. జీవితంలో ఏ పనీ అంత గట్టిగా చెయ్యలేదు. చక్రం ఒక్క ఊపున బయటికొచ్చి, అంత ఎర్రబురదనీ ఆవిడ చీర మీద చల్లింది. ఆవిడ దులుపుకోలేదు. బస్సు దారి వదిలి మలుపులో ఆగింది. వాళ్ళు మంచం ఎత్తుకున్నారు. వాళ్ళలో ఒకతను బాగా పెద్దవాడు, భుజం వణుకుతోంది. పెదనాన్నగారు చెప్పులు విడిచి ముందుకెళ్ళి, "నేనో చెయ్యి వెయ్యొచ్చా బాబూ?" అని అడిగేరు. "వద్దండి. మేమున్నాం," అన్నాడతను. కోపంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు. పెదనాన్నగారు "ఆయ్" అని పక్కకి తప్పుకుని, వాళ్ళు మంచులో కలిసిపోయే దాకా చేతులు జోడించుకుని నిలబడ్డారు. డోలు ఇంకా చాలాసేపు వినిపించింది. ఒక దెబ్బ, ఆగడం, మళ్ళీ రెండు.

తిరుగు ప్రయాణంలో నేను మైకు ముట్టుకోలేదు. ఎవరూ పాటలు పెట్టమనలేదు. హారన్ బాబాయి ఘాట్ రోడ్డంతా ఒక్కసారి కూడా హారన్ కొట్టలేదు. (అది ప్రమాదమని తరవాత తెలిసింది. అదృష్టం మమ్మల్ని కాచింది.) వీడియోలు తీసినవాళ్ళు ఒకరి తరవాత ఒకరు ఫోన్లు తీసి చెరిపేసుకోవడం అద్దంలో కనిపించింది. ఘాట్ దిగాక పెదనాన్నగారు నా సీటు దగ్గరికి వచ్చి కూర్చున్నారు.

"ఏరా అబ్బాయి. ఆ కుండ ఎత్తుకొచ్చినావిడ ఏమందో నిజంగా నీకు తెలుసా?"

"తెలియదండి."

ఆయన తిడతారని ఎదురుచూశాను. "నాకు తెలుసు ఆ డప్పు ఏంటో. ఎనభయ్యేళ్ళ నుంచి వింటున్నాను. నువ్వు పెళ్ళంటే నమ్మాలనిపించిందిరా," అన్నారు. లేచి తన సీటుకి వెళ్ళిపోయారు. ఆ ఒక్క మాటతో తప్పులో సగం ఆయన మోసుకుపోయారని అప్పుడు నాకు తెలియలేదు.

నెల తిరిగేసరికి నాకు తిండి సయించడం మానేసింది. అమ్మ ఎండుచేప వేపుడు చేసినా కంచం ముందు డోలు వినపడేది. ఆవిడ దగ్గరికి వెళ్ళి క్షమాపణ చెప్పాలని నిశ్చయించుకున్నాను. ఏం చెప్పాలో ఒక కాగితం మీద రాసుకుని బట్టీ పట్టాను కూడా. "అమ్మా, నేను మీ దుఃఖాన్ని వినోదమనుకున్నాను" అని మొదలవుతుంది. ఆ ముక్క చాలా బాగా కుదిరిందని నాకు లోపల కాస్త గర్వం. ఉత్తచేతులతో వెళ్ళడం మర్యాద కాదని ఆత్రేయపురం వెళ్ళి, అప్పటికప్పుడు చుట్టించి ఒక పెట్టె పూతరేకులు తీసుకున్నాను. రెండు బస్సులు మారి, ఘాట్‌లో ఆ పెట్టెని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని ఎక్కాను.

ఆ రోజు ఎండ కాసింది. కొండంతా కడిగినట్టు పచ్చగా ఉంది. లోయ ఎటుందో అందరికీ కనిపిస్తోంది. గేటు ముందు రెండు టూరిస్టు బస్సులు. లోపల డోలు మోగుతోంది. ఆమె మొదటి గుడిసె దగ్గర గంపెడు ఎర్రమట్టి ముందేసుకుని, వానకి పెచ్చులూడిన గోడ అలుకుతోంది. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. ఆమె తలెత్తి చూసింది. నా కాగితంలో మొదటి వాక్యం తప్ప అన్నీ గుర్తుకొచ్చాయి.

"నేనేనండి," అన్నాను చివరికి. "ఆ రోజు... మీ నాన్నగారిని తీసుకెళ్తుంటే... దారికడ్డంగా బస్సు పెట్టింది మేమేనండి."

ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసింది. కళ్ళు చిట్లించి, నిజంగానే గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. తరవాత గంపలోంచి ఇంకో పిడికెడు మట్టి తీసుకుంది.

"ఏ బస్సండి? ఇక్కడ రోజూ ఏదో ఒక బస్సు అడ్డంగానే ఉంటది."

నెల రోజులుగా నేను నిద్రపోకుండా మోసిన మొహం ఆవిడకి గుర్తు కూడా లేదు. ఆవిడకి ఆ రోజు తండ్రి పోయాడు. నేను పోలేదు గదా, నన్నెందుకు గుర్తు పెట్టుకోవాలి? ఏం చెయ్యాలో తోచక పెట్టె చాపాను. "చేతులు మట్టి, అక్కడ పెట్టండి," అంది. పెట్టే ముందు మూత తీసి చూశాను. ఘాట్ రోడ్డు మలుపుల్లో పూతరేకులన్నీ పిండిపిండైపోయి, బెల్లం పొడిలో తెల్లటి రేకు ముక్కలు కొన్ని మిగిలాయి. ఆవిడ కుండలో చేతులు ముంచి కడుక్కుని వచ్చి, ఆ ముక్కల్లో ఒకటి రెండు వేళ్ళతో పైకెత్తి, ఎండకి అడ్డంగా పట్టి చూసింది.

"కాగితమా?"

"కాదండి, బియ్యంతో చేస్తారండి. తినాలండి."

నాలుక మీద వేసుకుంది. అది కరిగిపోయేసరికి ఆశ్చర్యంగా నా వంక చూసి, వెనక డోలు కొడుతున్నతన్ని కేకేసి, వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. ఇద్దరూ నవ్వారు. ఏమన్నదో తెలియదు. నన్నే అని ఉంటుంది. తరవాత మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళిపోయింది. కాగితం జేబులోనే ఉండిపోయింది. ఆవిడ అలుకుతున్నంతసేపూ పక్కన నిలబడి చూసి, మధ్యాహ్నం బస్సుకి దిగిపోయాను.

ఇప్పుడు అప్పుడప్పుడూ, వాయుగుండం పట్టిన రోజుల్లో, ఆ కుర్రాడు కళ్ళముందుకొస్తాడు. బట్టీపట్టిన క్షమాపణ నోట్లోనూ, పొడైపోయిన పూతరేకులు చేతిలోనూ పట్టుకుని, తనని ఎవరైనా గుర్తుపట్టి తిట్టకపోతారా అని అంత ఎండలో అంత ఆశగా నిలబడ్డవాడు. వాడిని చూస్తే సిగ్గూ జాలీ కలిసి వస్తాయి. కాసేపటికి నవ్వు కూడా వస్తుంది.